నొప్పుల బిళ్ళ

నా బ్లడ్ గ్రూపు మా ఆయన ఎల్లారావుకు సరిపోతుందని చెప్పిన రోజు ఆసుపత్రి వరండాలోనే కూలబడి ఏడ్చాను. మరిది మణికుమార్‌ది వేరే గ్రూపు. అత్తగారు డెబ్బై దాటిన మనిషి. నేను ఇవ్వకపోతే ఎల్లారావుకి కిడ్నీ ఇచ్చే దిక్కు లేదు.

ఏడాదిగా మాది ఒకటే బతుకు. వారానికి రెండుసార్లు చల్లపల్లి మీదుగా బస్సులో విజయవాడ రావడం, బెంజ్ సర్కిల్ దగ్గర దిగి, ఒళ్ళంతా ఉబ్బిన మనిషిని ఆటోలోకి ఎక్కించడం, డయాలిసిస్ మిషను పక్కన నాలుగు గంటలు కూర్చోవడం. ఈమధ్య మిషను పెట్టగానే ఆయన బీపీ పడిపోతోంది. ఇలా ఎక్కువ కాలం లాగలేమని, త్వరగా కిడ్నీ మార్చాలని భానుమూర్తి డాక్టరుగారు చెప్పేశారు.

మొదటిసారి స్కానింగ్ చూసినప్పుడే ఆ డాక్టరుగారు అడిగారు. "షుగర్ లేదు. కిడ్నీలు రెండూ కుంచించుకుపోయాయి. ఏమైనా మందులు వాడేవాడా అమ్మా?"

"జొరమొచ్చినా మందు మింగడండీ," అని గొప్పగా చెప్పాను. పసరు మందులా, చెట్టు మందులా అని గుచ్చి గుచ్చి అడిగారు. లేదంటే లేదన్నాను. మేమేదో దాస్తున్నట్టు ఏంటీయన గోల అని ఒళ్ళు మండింది కూడా.

ఇవాళ నా మిగతా పరీక్షల ఫలితం చెబుతామన్నారు. బస్సు కుదుపులకు నడుం పట్టేసింది. వరండాలో కూర్చుని కొంగుముడి విప్పి, బిళ్ళ ఒకటి నోట్లో వేసుకుంటుంటే నర్సు మార్త చూసింది.

"పేరమ్మా, ఏంటది?"

"నొప్పుల బిళ్ళ సిస్టర్."

"ఎన్నాళ్ళ నుంచి వేసుకుంటున్నావు?"

అదేం ప్రశ్న? మా పల్లెలో బీడీలమ్మే కొట్లోనే దొరుకుతుంది. మగాళ్ళు సముద్రం మీద చేపల వేటకెళ్ళేముందు టీతో ఒకటి, వల లాగి వచ్చాక ఒకటి. చేపల తట్టలు మోసే ఆడవాళ్ళమూ అంతే. డాక్టరు రాస్తే మందు. దీన్ని మందని ఎవరంటారు? కాపరానికొచ్చి పదిహేనేళ్ళు. బిళ్ళల అట్ట తెస్తే సగం ఆయనకి, సగం నాకు.

మార్త ఆ అట్టతో సహా నన్ను డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన అట్టను తిప్పి చూశారు. బల్ల మీదున్న నా కాగితం చూశారు.

"నీ రక్తంలోనూ కిడ్నీలు వడగట్టాల్సిన క్రియాటినిన్ ఎక్కువుంది. ఎందుకో అర్థం కాలేదు. ఇదన్నమాట. అతని కిడ్నీలనూ ఇదే పాడుచేసి ఉంటుంది. నీవీ సగం దెబ్బతిన్నాయమ్మా. నీది తీయడానికి వీల్లేదు."

"ఆ సగం పాడైందే తీసి పెట్టండి బాబూ. కొన్నాళ్ళన్నా పనిచేస్తది గదా," అని కాళ్ళు పట్టుకున్నాను.

"అలా కుదరదు. ఇప్పటికైనా మానేస్తే నీవి నిలబడతాయి."

"నావెవరిక్కావాలండీ?" అని అరిచాను. "ఒద్దే, కడుపులో మండుతుందే" అని ఆయన అన్నరోజు కూడా, "ఏసుకో, బద్ధకం వదుల్తది" అని నా చేత్తోనే బిళ్ళ ఆయన నోట్లో పెట్టాను. నా చేతులు విరిగిపోతే బాగుండేది. అట్ట మళ్ళీ కొంగున ముడేసుకున్నానన్న సంగతి కూడా నాకు తెలియలేదు.

ఎల్లారావు మిషను మీద ఉన్నాడు. "ఎప్పుడంటనే ఆపరేషను?" అని అడిగాడు. అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. ఆయన నా కొంగు వంక చూశాడు.

"బిళ్ళలున్నాయా నీ కాడ?"

ఇంత చెప్పినా ఈ మనిషి బిళ్ళ అడుగుతున్నాడేంటి అనుకుంటూనే కొంగుముడి విప్పాను. అట్టలో ఆరున్నాయి. సూదులు లేని చేత్తో అట్ట లాక్కుని, మంచం కిందున్న చెత్తబుట్టలో పడేశాడు.

"నీయి నిలబడతాయన్నాడు గదా డాక్టరు. ఇంక ఏసుకోమాక," అన్నాడు.

తర్వాత కళ్ళు మూసుకున్నాడు. ఇంకా రెండు గంటల డయాలిసిస్ మిగిలి ఉంది. ఆయన చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాను.