కానూటు రాజు కుర్చీ

కాసులమ్మ అరుగు మీద ఇంగ్లీషు రాజుగారి కుర్చీ ఉందట, అందుకే సముద్రం వరసగా అన్ని ఇళ్ళూ మింగుతూ ఆ ఇంటి జోలికి మాత్రం రావడం లేదట. పక్కింటి బంగారమ్మ కుళాయి దగ్గర చెప్పిన మాట ఇది. సాయంత్రానికి పేటంతా పాకింది.

నేను ఒక మామూలు వేపచెక్క కుర్చీని. నా మీద ఏ రాజూ కూర్చోలేదు. నన్ను చేసిన వడ్రంగి ఒక కాలు కాస్త పొట్టిగా కోశాడు. అందుకే చవగ్గా ఈ జాలరిపేట బడికి చేరాను. శివసుందరం మేస్టారు ఆ కాలి కింద పలకముక్క పెట్టి, నా మీద కూర్చుని పాఠాలు చెప్పేవారు.

అన్నిట్లోకీ ఆయనకు కానూటు మహారాజు పాఠమంటే ప్రాణం. డెన్మార్కు నుంచి పడవల మీద దండెత్తి వచ్చి ఇంగ్లండును గెలిచినవాడు. చనిపోయిన పాత రాజు భార్యనే పెళ్ళాడినవాడు. గెలిచాక మాత్రం సైన్యంలో చాలామందిని ఇళ్ళకు పంపేసి, పాత చట్టాలనే నిలబెట్టి, రోము దాకా యాత్ర చేసొచ్చి, దేశాన్ని చల్లగా ఏలినవాడు.

"పడవల మీదొచ్చేడా? అయితే మనోడే!" అనేవారు పిల్లలు.

భజనపరులు ఆయన్నీ వదల్లేదు. సముద్రమైనా తమరి మాట జవదాటదన్నారు. ఆయన ఒడ్డున కుర్చీ వేయించుకుని, అలల్ని ఆగమన్నాడు. అవి ఆగకుండా వచ్చి కాళ్ళు తడిపాయి. చూశారా నా పెత్తనం, అన్నాడట. యుద్ధాలు గెలిచి పేరు తెచ్చుకున్న రాజులు కోకొల్లలు. తడికాళ్ళతో తెచ్చుకున్నవాడు ఈయనొక్కడే. అందుకే ఆయనంటే నాకూ గౌరవం.

బడి పండక్కి ఆ కథే ఒడ్డున నాటకం వేశారు. నేను సింహాసనం. అట్టకిరీటం పెట్టుకుని నా మీద కూర్చున్నది చిన్నప్పటి కాసులమ్మ. మేస్టారు మెట్ట మనిషి, ఆటుపోట్ల లెక్క తెలియదు. పోటు పోయి నీరు వెనక్కి తీసే వేళకు నాటకం పెట్టారు. కాసులమ్మ చెయ్యెత్తి "ఆగు!" అంది. అల ఆగింది. ఒక్కో అడుగే వెనక్కి కూడా పోయింది. పెద్దవాళ్ళు పడీ పడీ నవ్వారు. పిల్లలు నమ్మారు.

తరవాత సముద్రం ఆ బడినే పడగొట్టింది. కొట్టుకుపోతున్న నన్ను కాసులమ్మ ఈడ్చుకొచ్చి తన అరుగు మీద వేసుకుంది. భర్త చేపలవేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆవిడకు మిగిలింది ఆ ఇల్లొక్కటే.

నిన్నటి వాయుగుండానికి వంటింటి గోడ కూలింది. పొద్దున్నే ఆవిడ నన్ను నెత్తిన పెట్టుకుని ఒడ్డుకు తెచ్చింది. సముద్రానికి ఎదురుగా వేసి కూర్చుని, "ఆగు" అంది. జనం మూగారు. "ఒలే కాసులూ, గట్టిగా అనవే!" అంది బంగారమ్మ. అది ఎగతాళి కాదు.

కబురు విని ముసలి మేస్టారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు.

"లేమ్మా. కథలో అలలు ఆగలేదు. ఆగవని చూపించడానికే ఆ రాజు కూర్చున్నాడు."

"కాళ్ళు తడిసేక ఏం జేసేడండీ?"

"లేచి కోటకెళ్ళిపోయాడు. మళ్ళీ కిరీటం పెట్టుకోలేదంటారు. అంత గొప్పవాడమ్మా."

అల వచ్చి నా పొట్టికాలి కింద ఇసుక లాగేసింది. నేను ఒరిగాను. కాసులమ్మ నా చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఆయనకి కోటుంది గాబట్టి ఎల్లేడు మేస్టారూ. నన్నెక్కడికి ఎల్లమంటారు?"