పేరు పట్టీలు

సూ హూన్‌కి తండ్రి మీద ఉన్న ఫిర్యాదులన్నీ చెప్పాలంటే ఒక పగలు చాలదు. ముఖ్యమైనది మాత్రం ఇది: ఆయన కొడుకుతో మాట్లాడడు. పూర్తిగా మానేసినా హాయిగా ఉండేది. మానడు. కొడుకు ఎదురుగా కూర్చుని ఉండగానే, "వాడి మోకాలి నొప్పి తగ్గిందేమో అడుగు" అంటాడు కూతురితో. ఆమె అన్న బూన్ కియాత్ తక్కువ తిన్నాడా? "తగ్గిందని చెప్పు" అంటాడు. మధ్యలో సూ హూన్, జీతం లేని టెలిఫోన్ ఆపరేటరు. తొమ్మిదేళ్ల వయసులో చేరిన ఉద్యోగం. జుట్టు నెరిసింది గానీ బదిలీ లేదు, పదవీ విరమణ లేదు.

ఆ ఉదయం కూడా ఆయన బీచ్ రోడ్డు సైనిక సామాన్ల బజారులో, మేడ మీద, ఆమె దుకాణంలో ఉన్న ఒకే ఒక్క మంచి స్టూలును ఆక్రమించి కాఫీని సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నాడు. ఎనభై దాటినవాడు. సూ హూన్ కుంటి కుర్చీలో, కాలు నేలకు ఆనించి బరువు సర్దుకుంటూ, మిషను మీదికి వంగి ఉంది.

దుకాణమంటే బీరువా అంత చోటు. ఆమె పని పచ్చటి గుడ్డ పట్టీల మీద నల్లదారంతో సైనికుల పేర్లు కుట్టడం. గుర్తు గీసుకోదు. రెండు అరచేతుల మధ్య గుడ్డను అలా అలా జరుపుతూ ఉంటే సూది కింద అక్షరాలు వాటంతటవే పుట్టుకొస్తాయి. టాన్ తరువాత రహీం, రహీం తరువాత సెల్వం. చూపుడు వేలి గోటి పక్కన సూది దిగిన మచ్చ ఉంది. ఒకప్పుడు బూట్ల కంపెనీ ఏజెంటు ఒకతను పెళ్లి మాట ఎత్తాడు. నాన్నకు వంట ఎవరు చేస్తారా అని ఆమె ఆలోచించుకునేలోపు అతను ఇంకో అమ్మాయిని అడిగేశాడు. ఆ అమ్మాయి ఆలోచించలేదు.

బ్యాంకు ఉద్యోగి ఒకడు చొక్కా పట్టుకుని వచ్చాడు. ఏటా కొన్నాళ్లు యూనిఫాం వేసుకుని హాజరు కావాల్సినవాళ్లలో అతనొకడు.

"ఆంటీ, గుండీ పట్టట్లేదు. కాస్త వదులు చేస్తారా?"

"చొక్కాకేం బాగానే ఉంది నాయనా. తగ్గించాల్సింది లోపలిది."

ఎదురు దుకాణంలో బూట్లు తుడుస్తున్న జుమాత్ గట్టిగా నవ్వాడు. "పోనీలేమ్మా, శత్రువు వచ్చినప్పుడు ఆ పొట్ట చూసి వీళ్లకి తిండికి లోటు లేదనుకుని వెనక్కి పోతాడు."

చొక్కా వదులు చేసి పంపాక, సూ హూన్ సొరుగులోంచి కొత్త పట్టీ తీసింది. 'చియా'. ఆ ఇంటిపేరు ఎంతోమందికి కుట్టింది. ఇది మాత్రం రెండుసార్లు విప్పి మళ్లీ కుట్టింది.

"ఎవరిదది?" తండ్రి అడిగాడు.

"జున్‌ది. మీ మనవడిది. ఇవాళే గదా సైన్యంలో చేరడం."

ఆయన సాసరు వంక చూశాడు.

"తాతయ్యని తీసుకురా అత్తా అన్నాడు. వాడడిగింది అదొక్కటే."

"నేను రాను."

చీనావాళ్ల పాత సామెత ఒకటుంది: "మంచి ఇనుముతో మేకులు చేయరు, మంచి కొడుకుని సైనికుణ్ణి చేయరు." కొత్తగా స్వతంత్రమైన దేశం మొదటిసారి కుర్రాళ్లను తప్పనిసరి సైనిక శిక్షణకు పిలిచినప్పుడు, పద్దెనిమిదేళ్ల బూన్ కియాత్‌కి పిలుపు వచ్చినప్పుడు, ఆయన ఈ సామెత చదివాడు. తాను జీవితమంతా పడవలకు మేకులు కొట్టి ఇల్లు నడిపినవాడన్న సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఆయన్ని అని లాభం లేదు. యూనిఫాం అంటే ఆయనకు గుర్తొచ్చేది యుద్ధంలో ఊరిని ఆక్రమించిన జపాను వాళ్లదే. దాన్ని తొడుక్కున్నవాళ్లు ఆయన అన్నను లారీ ఎక్కించారు. లారీ తిరిగొచ్చింది, అన్న రాలేదు.

వీధి వాళ్లంతా కలిసి ఆ కుర్రాళ్లకు వీడ్కోలు విందు చేశారు. తల్లీ సూ హూనూ వెళ్లారు. తండ్రి కుర్చీ ఖాళీ. మొదటి సెలవుకు వచ్చిన కొడుకు యూనిఫాంలో గుమ్మంలో నిలబడితే, "ఆ బట్టలు విప్పేసి లోపలికి రా" అన్నాడు. వాడు బట్టలు విప్పలేదు, లోపలికి రాలేదు. అప్పటి నుంచే టెలిఫోన్.

జుమాత్ బూటు కింద పెట్టాడు. "పెద్దాయనా, ఒక మాట చెప్తా, ఏమీ అనుకోకండి. మీకు కొడుకుని పిలిచారని కోపం. అప్పుడు నాకూ అదే వయసు. పెట్టె సర్దుకుని కూర్చున్నా. మా మలయ్ కుర్రాళ్లని మాత్రం, నమ్మలేకో ఏమో, పిలవలేదు. నాకు పిలవలేదని కోపం."

"ఇప్పటికీనా?" అన్నాడు ముసలాయన.

"మా అబ్బాయిని పిలిచారు. వాణ్ణి పంపడానికి నేనూ మా ఆవిడా మా అత్తగారూ అందరం పోయాం. కోపాన్ని ఇంట్లో పెట్టి వెళ్లాం. తిరిగొచ్చి చూస్తే సగమే ఉంది."

ముసలాయన కాఫీ పూర్తి చేశాడు.

మధ్యాహ్నానికి సూ హూన్ మిషను మీద గుడ్డ కప్పింది. "బస్సెక్కించి ఇంటికి పంపనా నాన్నా?"

"అన్నం వండావా?"

"లేదు. శిక్షణ ఇచ్చే ఆ దీవిలో పిల్లలతో పాటు మనకీ పెడతారట."

"డబ్బులు తీసుకుంటారా?"

"ఊరికే."

"ఊరికే పెట్టే అన్నం కాదనకూడదు" అంటూ ఆయన లేచి, చొక్కా మడతలు సవరించుకున్నాడు.

బూన్ కియాత్ నడిపే టాక్సీలోనే అందరూ వెళ్లారు. ముందు సీట్లో జున్. వెనక వదిన రుమాలు నలుపుతోంది. "చలి పెడుతోంది, ఏసీ తగ్గించమను" అన్నాడు తండ్రి. సూ హూన్ నోరు తెరిచేలోపే ఏసీ తగ్గింది.

దీవిలో పడవ దిగాక పెద్ద హాల్లో కుర్రాళ్లను నిలబెట్టారు. చీనా, మలయ్, తమిళ, సిక్కు. సన్నవాళ్లు, బొద్దువాళ్లు, రాత్రంతా నిద్రపోనివాళ్లు. అందరూ కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశారు. ఏళ్ల తరబడి తను కుట్టిన పేర్లన్నీ ఒక్కసారిగా లేచి నిలబడినట్టనిపించింది సూ హూన్‌కి. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మంచి వెలుతురులో కూడా ఈ మధ్య మసకగానే ఉంటోంది మరి.

భోజనంలో అన్నం, కోడికూర, ఆకుకూర, ఒక్కో నారింజ. జున్ మెతుకులు కెలుకుతున్నాడు. తాత తన నారింజ తీసుకుని వలవడం మొదలుపెట్టాడు. ఇనుము కొట్టి కొట్టి చదునైపోయిన బొటనవేళ్లు. తొక్కంతా ఊడదీసి, తెల్లటి పీచు ఒక్కొక్కటే లాగి, సగం మనవడి పళ్లెంలో పెట్టాడు.

వాడు తిన్నాడు. అంతలో విజిల్ వేశారు.

"వెళ్లొస్తా తాతయ్యా."

"ఇంకో సగం ఉంది. తిని వెళ్లు."

"పిలుస్తున్నారు తాతయ్యా."

ముసలాయన వాడి మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్న సంగతి అప్పుడే తెలిసినట్టు చూసుకుని, వదిలేశాడు. జున్ వరసలో కలిసిపోయాడు. తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి, బల్ల చుట్టూ ఉన్న నలుగురినీ చూసి, వెళ్లిపోయాడు.

వదిన ఏడుస్తోంది. బూన్ కియాత్ నీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాడు.

"కియాత్" అన్నాడు తండ్రి.

సూ హూన్ అలవాటుగా ఆయన వైపు తిరిగింది. ఆయన ఆమెను చూడటం లేదు.

"అప్పటి ఆ వీడ్కోలు విందులో నువ్వు గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నావని మీ అమ్మ చెప్పింది. నేను రావాల్సింది. నాదే తప్పు."

బూన్ కియాత్ తల ఊపాడు, చిన్నపిల్లాడిలా, రెండు మూడుసార్లు.

పళ్లెం అంచున ఆ సగం నారింజ, పీచు ఒక్కటైనా లేకుండా, అలాగే ఉంది.