పెద్దతోట తొలికాపు

హిమబిందు ఫోను పట్టుకుని యల్లమంద ముందు కూర్చుని అప్పటికి గంటన్నర అయింది. పక్కనే మామిడిచెట్టు నీడలో, నులకమంచం మీద నరసింహారావు చుట్ట ఆరిపోయిన సంగతి కూడా చూసుకోకుండా ఆ ఇద్దరినే చూస్తున్నాడు.

హిమబిందు అతని తమ్ముడి కూతురు. పెద్దతోట వేసిన ముత్తాత గురించి వీడియో చేస్తానని హైదరాబాదు నుంచి వచ్చింది. వచ్చే ఆదివారం వంశం వాళ్ళంతా తోటలో కలుస్తున్నారు, అప్పుడు దాన్ని తెర మీద వేస్తారట. ముప్పై ఎకరాల మామిడితోటలో చెట్లు మిగిలింది నరసింహారావు వాటా నాలుగెకరాల్లోనే. మిగతా వాటాల్లో మిరప వేసుకున్నారు. తోట వేసిన తాతను ఎరిగిన మనవళ్ళలో మిగిలిందీ అతనొక్కడే. అందుకే పొద్దున్నే గడ్డం గీయించుకుని ఇస్త్రీ చొక్కా తొడిగాడు. ఆ పిల్లేమో వచ్చీ రాగానే, "అప్పటి పనివాళ్ళెవరన్నా ఉన్నారా పెదనాన్నా?" అంది.

ఉన్నాడు. ఒకప్పటి పాలేరు వీరయ్య కొడుకు యల్లమంద. నరసింహారావు కంటే ఆరేళ్ళు పెద్ద.

"అప్పటికి సాగర్ కాలవ రాలేదు తల్లీ," అంటున్నాడు యల్లమంద. "వాగులో చెలమ తీసి కావడితో మోసేవోళ్ళు. ఎండాకాలమంతా మొక్కకో కుండ. మొక్క ఎండితే పెద్దాయన తిట్టేవోడు కాదు. నిలబడి మీసం నమిలేవోడు."

హిమబిందు పకపకా నవ్వింది. తన తాత మీసం నమిలేవాడని నరసింహారావుకు తెలియదు. ఆ నవ్వు తన మాటకు రావలసిందనిపించింది.

"ఏందిరా, మా తాత నీకే చెవిలో చెప్పి పోయినట్టు చెప్తన్నావు?"

"చెప్పలేదయ్యా, చూశా. మీరప్పుడు లాగూ లేకుండా తిరిగేవోళ్ళు."

పిల్ల మళ్ళీ నవ్వింది.

"ఇంక చాల్లే గాని అమ్మాయ్, ఆ ఫోను ఇటు తిప్పు," అన్నాడు నరసింహారావు. గొంతు సవరించుకుని, ప్రతి పెళ్ళిలోనూ చెప్పే మాటే చెప్పాడు. "తొలికాపు రోజు. నాకు నాలుగేళ్ళు. ఇంటినిండా మనవళ్ళున్నా మా తాత నన్నే భుజానెక్కించుకుని తోటంతా తిప్పాడు. మొదటి కాయ నా చేత్తోనే కోయించాడు."

"భయమెయ్యలేదా పెదనాన్నా?"

"భయమేంది! ఆయన కుడిభుజం మీద ఇంత బుడిపె ఉండేది, రాయిలాగా. తొడకు ఒత్తుకునేది. ఇప్పటికీ తెలుస్తది నాకు."

యల్లమంద తల ఎత్తాడు. "బుడిపా? కుడిభుజం మీదనా?"

"కుడిభుజం మీదే."

"పెద్దాయనకు బుడిపె ఎందుకుంటదయ్యా? ఎన్నడన్నా కావడి ఎత్తాడా?"

హిమబిందు ఫోను యల్లమంద వైపు తిప్పింది. అతను మెల్లగా చెప్పాడు. "తొలికాపు నాటికి పెద్దాయనకి ఆయాసం. గట్టున కుర్చీ ఏయించుకుని కూసున్నాడు. మిమ్మల్ని ఎత్తుకుంది మా అయ్య. ఎనకమాలే గంప పట్టుకుని నడిచింది నేను."

"అబద్ధం!" నరసింహారావు మంచం మీంచి లేచాడు. లేచాడే గాని, ఆ రోజు తాత మొహం గుర్తు తెచ్చుకోబోతే చెమట పట్టిన మెడా, ఎర్ర తువ్వాలూ తప్ప ఏమీ రావడం లేదు. భుజం మీద కూర్చున్నవాడికి మొహం కనపడదు. ఇన్నేళ్ళూ గోడ మీది ఫోటోలోంచి మొహం తెచ్చి ఆ మెడ మీద పెట్టుకున్నాడు.

"ఒరేయ్, మా తాతనూ నువ్వే లాక్కుంటివి, మీ అయ్యా నీకేనా?"

"మా అయ్య నాకెక్కడయ్యా!" యల్లమంద పొడిగా నవ్వాడు. "ఆ రోజు కాళ్ళు కాలతన్నయ్ ఎత్తుకోమని నేను ఏడిస్తే, 'నడువ్, భుజాన చినబాబు ఉన్నాడు కనపట్టంలా?' అన్నాడు. మిమ్మల్ని చూసి చానా కుళ్ళుకున్నా. కంపలో పడితే బాగుండనుకున్నా."

హిమబిందు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పెదనాన్నా, ఈ ముక్క తీసేయమంటారా?"

"తీసెయ్ తల్లీ," అన్నాడు యల్లమంద. "ఆయన చెప్పినట్టే ఉంచు. నాకు పోయేదేముంది?"

తీసేస్తే ఆదివారం తెర మీద తాత భుజం తనదే. కానీ దాన్ని యల్లమంద ఇస్తే తను పుచ్చుకోవాలి. అదే నరసింహారావుకు మింగుడు పడలేదు.

"నువ్వు నాకిచ్చేదేందిరా?" అన్నాడు. హిమబిందు వైపు తిరిగాడు. "ఉంచమ్మాయ్. వీరయ్య పేరే వెయ్యి. ఎత్తుకుంది మాత్రం నన్ను. వీణ్ణి కాదు. అది గూడా వెయ్యి."

యల్లమంద లేచి తువ్వాలు దులుపుకున్నాడు. ఎండలో చెప్పులు వెతుక్కుంటూ, ఎటో చూస్తూ అన్నాడు.

"కాదులేయ్యా. నన్ను కాదు."