కరిగిన దారం

దర్జీకి ఒక అలవాటు. మామూలు పాలిస్టర్ దారమైతే కొసకు అగ్గిపుల్ల చూపించి, కరిగి పూస కట్టగానే వేలితో నొక్కుతాడు. ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే పోత కార్ఖానా వాళ్లకు అతను కుట్టే కోట్ల దారం అలా కరగదు. నిప్పుకు తట్టుకునేలా తయారుచేసిన దారం అది, అరామిడ్ అంటారు. మంట తగిలితే నల్లబడుతుంది, అంతే. దాన్ని కత్తిరించి వదిలేస్తాడు.

ఆ ఉదయం పరధ్యానంగా, మిషన్లో మిగిలిన పసుపు దారానికి అగ్గిపుల్ల చూపించాడు. కొస కరిగి పూస కట్టింది.

దర్జీ రీలు తీసి చూశాడు. మామూలు దారం, కోట్ల దారం, రెండు రీళ్లూ పసుపే. నిన్న ఆ మిషన్ మీద కుట్టింది ఒకటే, కార్ఖానాలో పనిచేసే బావమరిది కోటు కుడిచెయ్యి. వాడు ఇందాకే వచ్చి పట్టుకెళ్లాడు. తొమ్మిదింటికి పోత.

ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. పోతకు వెళ్లేవాళ్లు ఫోన్లు పెట్టెలో పడేసి వెళ్తారు. సైకిల్ తీశాడు.

వెళ్లేసరికి బావమరిది కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఒరేయ్, విప్పు!"

"ఏంటి బావా, మా అక్క తరిమేసిందా?"

అందరూ నవ్వారు.

"విప్పరా నాయనా. ఆ చేతికి మామూలు దారం వేశాను."

మేస్త్రీ నవ్వలేదు. "చూపించు" అన్నాడు. దర్జీ సంక దగ్గర పోగు లాగాడు. మేస్త్రీ లైటర్ వెలిగించాడు. పూస కట్టింది. నవ్వులు ఆగిపోయాయి.

"బట్ట నిప్పుకు ఆగుతుంది. వేడికి కుట్టు ఊడితే చెయ్యి బయటపడుతుంది. తప్పు నాదే" అన్నాడు దర్జీ.

మేస్త్రీ తన కోటు విప్పి బావమరిది మీదకు విసిరాడు. "ఇది తొడుక్కో. ఇవాళ నేను దూరంగా ఉంటాను."

కోటు మోకాళ్లు దాటింది.

"ఇందులో ఇద్దరం పడతాం బావా, నువ్వూ వస్తావా?"

దర్జీ వెనక్కి జరిగి స్తంభం పక్కన నిలబడ్డాడు.

గంట కొట్టారు. కరిగిన ఇనుము అచ్చులోకి దిగుతుండగా ఒక్కసారి చిమ్మింది. నిప్పుబొట్లు నేరుగా బావమరిది కుడిభుజం మీద, కుట్టు మీదే పడ్డాయి. దర్జీ స్తంభం పట్టుకున్నాడు. బొట్లు తామరాకు మీద నీళ్లలా జారి నేల మీద చల్లారాయి. కోటు మీద చిన్న నల్లమచ్చ మిగిలింది. కుట్టు కుట్టులాగే ఉంది.

పోత అయ్యాక బావమరిది వచ్చి, గ్లవుజు లాగేసి, కుడిచెయ్యి మొహం ముందు ఆడించాడు.

"అయిదు వేళ్లూ ఉన్నాయో లేదో చూసుకో. అక్కకు చెప్పాలిగా."

దర్జీ ఆ మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"చెమటగా ఉంది, వదులు బావా."

"ఉండనీరా" అన్నాడు దర్జీ. వదల్లేదు.