కొండ మీది ఇంగ్లీషు ఇల్లు

స్టీల్‌ప్లాంటు కోసం ఊరు ఖాళీ చేయించాక సన్యాసిరాజుకి దొరికిన పని, విశాఖ పాతపట్నంలో కొండ మీది రాతి ఇంటికి కాపలా. ఎప్పుడో ఒక ఇంగ్లీషు ఇంజనీరు, తమ దేశంలో, తమ పల్లెలో తాతల నాటి ఇంటిని తలుచుకుని అచ్చం అలాగే కట్టించుకున్నాడట. రెండడుగుల మందాన రాతి గోడలు, ఏటవాలు పలకల కప్పు, చలి కాచుకోడానికి గోడలో గూడులా కట్టి, ఎవరూ ఎన్నడూ వెలిగించని చలిపొయ్యి. కిటికీలకి చువ్వల బదులు బెత్తెడు ఎడంలో రాతి స్తంభాలు. సాయంత్రం కూర్చుందామంటే అరుగన్నదే లేదు. ఇప్పుడది ఒక కంపెనీది. గోడకి మేకు కూడా కొట్టకూడదన్నారు.

రాజు భార్య కాశమ్మకి ఆ ఇంట్లో మిట్టమధ్యాహ్నమే పొద్దుగూకినట్టుండేది.

పందొమ్మిదివందల ఎనభైమూడు వానాకాలంలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు రాజు సరుకులకి పూర్ణా మార్కెట్‌కి వెళ్లాడు. జల్లు కొడుతోందని కాశమ్మ తలుపు గట్టిగా నెట్టి మూసింది. కాసేపటికి నీళ్లకని తీయబోతే రాలేదు. నాని ఉబ్బిన చెక్క రాతి గుమ్మంలో బిగుసుకుపోయింది. పిడి పట్టి లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. కిటికీలోంచి భుజం దాకా చెయ్యి పట్టింది, తల పట్టలేదు. ఎంత అరిచినా గాలిహోరులో కలిసిపోయింది. ఊపిరాడనట్టయింది. కాస్త వెలుతురు కనబడుతోందని చలిపొయ్యిలోకి దూరింది. పొగగొట్టం పైన అరచేయంత ఆకాశం. అటు మొహమెత్తి మళ్లీ అరిచింది.

కింద పేటలో ఉండే పైడయ్య, సముద్రం మీద వేటకెళ్లే మనిషి, వానకి ఆ పొగగొట్టం గోడవార నిలబడి ఉన్నాడు.

“ఎవులది? ఎక్కడున్నావమ్మా?”

“లోపలున్నానన్నా. తలుపు రాట్లేదు.”

“పక్కకి జరుగు. నాను తోసేత్తాను.”

నాలుగుసార్లు భుజంతో గుద్దాక తలుపు విడింది. కాశమ్మ అతన్ని దాటుకుని వచ్చి వానలోనే కూలబడింది. సాయంత్రం భర్త వచ్చేసరికీ అక్కడే ఉంది.

“లోపలికి రాయే. జొరమొచ్చేత్తది.”

“నాను రాను. మనూరెల్లిపోదాం.”

“ఊరేటే? ఇల్లు కూల్సీసినారు కదా.”

కాశమ్మకి ఆ సంగతి తెలియక కాదు.

“పోనీ కిటికీలో ఒక్క రాయి తీయించు. గాలాడతది.”

“తీత్తే ఉజ్జోగం పోద్ది.”

చీకటి పడుతుండగా లేచి లోపలికి వెళ్లింది.

మర్నాడు కంపెనీ వడ్రంగి వచ్చి తలుపు అంచు చిత్రిక పట్టి, కొత్త పిడి బిగించి పోయాడు. కాశమ్మ వంటపొయ్యి బయట పెట్టుకుంది. వానొస్తే ఉడుకుతున్న గిన్నె దించుకుని లోపలికి పరిగెత్తక తప్పేది కాదు. ప్లాంటులో కొలువు కోసం రాజు పెట్టిన దరఖాస్తుకి జవాబు రాలేదు. ఆ ఇంట్లో వాళ్లు ఇంకో ఆరేళ్లున్నారు.