ఎడమ అంచు

మా గాబెస్ ఊరి రేడియోలో పాటలు వేసేవాళ్ళు నలుగురున్నారు. ఏ పాట వెయ్యకూడదో చెప్పేదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. నా పేరు దలందా. పదకొండేళ్ళుగా రికార్డింగుల లైబ్రరీ నా చేతిలో ఉంది.

లైబ్రరీ అంటే అలమారాలు కాదు, కంప్యూటర్‌లో ఉండేది. పాట మీద నొక్కితే పక్కన ఒక ప్యానెల్ తెరుచుకునేది. అందులో నా నోట్సు ఉండేవి: పాడిందెవరు, ఎవరి పెళ్ళిలో, డప్పు కొట్టిందెవరు. కొన్నింటికి పైన ఎర్ర అక్షరాలు ఉండేవి, 'ఫలానా తేదీ దాకా వద్దు' అని. మనిషి పోతే నలభయ్యో రోజు దాటేదాకా ఆ గొంతును మేము రేడియోలో వినిపించం. దానికి రాసిపెట్టిన చట్టమేమీ లేదు. ఇంటివాళ్ళు వచ్చి నాకు చెబుతారు, నేను నోట్సులో రాస్తాను. ఎర్ర అక్షరాలు లేకపోతే పాట వెయ్యొచ్చని స్టూడియోలో అందరికీ తెలుసు. నా రాతను అంతగా నమ్మేవారు.

జాజియా మా వీధి పిల్ల. గోరింటాకు రాత్రుల్లో పాడేది. ఆమె రాకపోతే మా పేటలో పెళ్ళి పెళ్ళిలా ఉండేది కాదు. ఒక పెళ్ళి నుంచి తిరిగి వస్తుంటే మత్మాత దారిలో వాళ్ళ బండి తిరగబడింది. ముప్ఫై నాలుగేళ్ళకే పోయింది.

మూడో రోజున నేను పరామర్శకు వెళ్తే వాళ్ళమ్మ మన్నూబియా నా మణికట్టు పట్టుకుని పక్కగదిలోకి లాక్కెళ్ళింది. వీధిలో పిల్లలూ పెద్దలూ ఆమెను 'ఖాల్తీ' అనే పిలుస్తాం, పిన్నీ అన్నట్టు.

"దలందా, నలభై అయ్యేదాకా దాని గొంతు బయటికి రానియ్యకే. ఈ వీధిలో ఏ కిటికీ తెరిచినా మీ రేడియోనే మోగుద్ది. దాని గొంతు వినపడిందంటే ఇంటికొచ్చిందనుకుని తలుపు తియ్యడానికి పరిగెత్తుతాను. నా సంగతి నాకు తెలుసు."

"రానియ్యను ఖాల్తీ. దేవుడి మీద ఒట్టు. నాదీ పూచీ."

ఆ రోజే ఆఫీసుకు వెళ్ళి జాజియా పాటలు పంతొమ్మిదింటికీ ఎర్ర అక్షరాలు రాశాను. ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా.

ఇరవయ్యో రోజు సోమవారం. పొద్దున్నే కంప్యూటర్ తెరిస్తే లైబ్రరీ కొత్త వేషంలో ఉంది. రాజధానిలోని మా పెద్ద ఆఫీసు వాళ్ళు ఆదివారం నాడు కొత్త వెర్షన్ ఎక్కించారట. తెరంతా తెల్లగా, విశాలంగా ఉంది. పాటల పేర్లు ఉన్నాయి, ప్యానెల్ మాత్రం లేదు. ఇల్లు సర్దిపెడతానని వచ్చినవాడు వంటగది తలుపు మీద కూడా సున్నం కొట్టి పోయినట్టుంది. నొక్కాను, రెండుసార్లు నొక్కాను, మూసి తెరిచాను, కంప్యూటర్‌నే ఆపి మళ్ళీ పెట్టాను. పదకొండేళ్ళ నా రాత ఎక్కడుందో తెలియలేదు.

రాజధానికి ఫోన్ చేశాను. ఇంజనీరు మొంధర్ ఎత్తాడు. మా వైపు ఆడవాళ్ళను మర్యాదగా 'లెల్లా' అంటారు, అమ్మా అన్నట్టు.

"కంగారు పడకండి లెల్లా దలందా, నోట్సు ఎక్కడికీ పోలేదు. ప్యానెల్‌ను దాచారంతే. కుడి అంచున సన్నటి బాణం ఉంటుంది, నొక్కండి."

"ఇక్కడ బాణమూ లేదు, విల్లూ లేదు నాయనా."

"మౌస్ అంచుదాకా తీసుకెళ్తేనే కనపడుద్ది."

"కనపడాల్సిన దాన్ని దాచడం దేనికి?"

"నీట్‌గా ఉంటుందని."

"మా అత్తగారూ ఇంతే. ఉప్పు డబ్బా అటక మీద దాచేసి, వంటిల్లు ఎంత నీట్‌గా ఉందో చూడండని ఊరంతా చెప్పుకునేది."

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కుడి అంచును పైనుంచి కిందిదాకా మౌస్‌తో తడిమాను. మంగళవారం మళ్ళీ ఫోన్ చేశాను. "నా కంప్యూటర్‌లో చక్కగా వస్తోందే, మీ చెయ్యి వణుకుతోందేమో చూసుకోండి" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. యాభై ఆరేళ్ళ ఆడదాని చెయ్యి వణకాలని అతనికెవరో చెప్పి పంపినట్టున్నారు.

సాయంత్రం ఒక పెద్ద కాగితం మీద 'జాజియా పాటలు నలభయ్యో రోజు దాకా వెయ్యొద్దు' అని ఎర్రగా రాసి స్టూడియో తలుపుకు అంటించాను. అది ముఖ్యంగా హాతెం కోసం. గురువారం పెళ్ళిపాటల గంట నడిపేది అతనే, వేరే ఊరి నుంచి వారానికి ఆ ఒక్క రోజే వస్తాడు, జాజియా పోయిన సంగతి అతనికి తెలియదు. అతనికి ఫోన్ చేసి చెప్పి ఉండాల్సింది. కాగితం ఉందన్న ధీమాతో చెయ్యలేదు. ఈ తప్పును నేను ఎవరి మీదకీ నెట్టను.

బుధవారం సాయంత్రం నేను ఇంటికి వెళ్ళాక రాజధాని నుంచి అతిథులు వచ్చారట. మా డైరెక్టర్ సీ తౌఫీక్, అంటే తౌఫీక్ గారు, ఆ కాగితం పీకేశారు. ఆ సంగతి నాకు గురువారం పాట మోగేదాకా తెలియదు.

గురువారం పది దాటింది. వెనకగదిలో పనిలో ఉన్నాను. గోడమీది స్పీకర్‌లో ముందు నవ్వు వినపడింది. తర్వాత, "మెల్లగా కొట్టండ్రా, పెళ్ళికూతురు జడుసుకుంటోంది!" అని డప్పులవాళ్ళను కసిరే గొంతు. జాజియా గొంతు. స్టూడియో దాకా పరిగెత్తేసరికి పాట సగం దాటింది. తలుపు తోసుకుని వెళ్ళి నేనే ఆపాను. నా మొహం చూసి హాతెం లేచి నిలబడ్డాడు.

"ఎర్ర అక్షరాలు లేవు కదా లెల్లా, వెయ్యొచ్చనుకున్నా. ఏమైంది?"

అతన్ని ఏమని తిట్టను? అలా అనుకోవడం నేర్పిందే నేను. సీ తౌఫీక్ గదికి వెళ్ళాను.

"తలుపు మీద కాగితం ఏమైందండీ?"

"ఇంత మంచి సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, రొట్టెల కొట్టులా తలుపులకు కాగితాలు అంటిస్తే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు దలందా?"

తిలాపాపం తలా పిడికెడు అంటారు, అందులో పెద్ద పిడికిలి నాదే. ఆ పూట మన్నూబియా ఇంటికి వెళ్ళే ధైర్యం చాలలేదు. చేతిలో ఏదో ఒక జవాబు ఉంటేగాని వెళ్ళకూడదనుకున్నాను, పిరికిదాన్ని.

శనివారం మొంధర్ స్వయంగా వచ్చాడు. నా కుర్చీలో కూర్చుని తెర చూడగానే తల కొట్టుకున్నాడు.

"అయ్యో, మీది అరబ్బీలో ఉందా! మేమంతా ఫ్రెంచిలో పెట్టుకుంటాం లెల్లా. అరబ్బీ రాత కుడి నుంచి ఎడమకి కదా, అందులో పెడితే తెర మొత్తం అటుదిటు అవుద్ది. మాకు కుడివైపున వచ్చేది మీకు ఎడమవైపున వస్తుంది. అరబ్బీలో పెట్టి మేమెప్పుడూ చూడలేదు."

మౌస్‌ను ఎడమ అంచుకు తీసుకెళ్ళాడు. వెంట్రుకంత సన్నటి గీత మీద బూడిదరంగు బాణం లేచింది. నొక్కితే ప్యానెల్ తెరుచుకుంది. పంతొమ్మిది పాటలకూ ఎర్ర అక్షరాలు నేను రాసినట్టే ఉన్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను, అదీ ఎడమ చంకలో ఉన్న పిల్ల కుడి చంకలో ఉందని ఒకడు చెబితే నమ్మి. అరబ్బీ మాట్లాడే ఊరికి రేడియో నడుపుతూ, అరబ్బీలో ఒక్కసారైనా తెరిచి చూడని మనుషులు వీళ్ళు.

సీ తౌఫీక్ నివేదిక రాశారు: 'సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు. నోట్సు భద్రంగా ఉన్నాయి. వాడేవారు చూసుకోలేదు.' కింద నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

ఆ సాయంత్రమే మన్నూబియా గుమ్మం ముందు నిలబడ్డాను. ఆమె అరికాలికి గుడ్డ కట్టి ఉంది. గురువారం ఒట్టి కాళ్ళతో వీధి చివరిదాకా పరిగెత్తిందని పక్కింటావిడ అప్పటికే నాకు చెప్పింది. లోపలికి రమ్మనలేదు. నేను గుమ్మంలోనే నిలబడి ప్యానెల్ గురించి, బాణం గురించి, కుడి ఎడమల గురించి గడగడా చెప్పుకుపోయాను. చెబుతుంటే నాకే అసహ్యం వేసింది. ఆమె చివరిదాకా విన్నది.

"నాకు మాటిచ్చింది ఆ పెట్టె కాదే దలందా."

"తప్పయిపోయింది ఖాల్తీ."

"నలభై తర్వాత వినుంటే ఏడ్చేదాన్ని, అంతే. మొన్న మాత్రం అది బతికే ఉందనుకున్నాను. వీధి చివరిదాకా అనుకుంటూనే పోయాను."

తలుపు మెల్లగా వేసేసింది.

నలభయ్యో రోజున వాళ్ళింట్లో గోధుమరవ్వతో కుస్కుస్ వండారు. జాజియా పేరు మీద వీధిలో ప్రతి ఇంటికీ గిన్నె పంపారు. మా ఎడమపక్క ఇంటికి ఇచ్చారు, కుడిపక్క ఇంటికి ఇచ్చారు. నేను చీకటి పడేదాకా తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నాను. మా ఇంటికి రాలేదు.