మండే ఊక మీద నీళ్లు

నా మొగుడు హులిగేశ్ చేతులు పడిపోను! వరిమడి కోసం కలుపుమందు కలిపి పెట్టిన ఇసుకను ఎరువనుకుని మిరపచేనంతా చల్లేశాడు. నిన్నగాక మొన్న నాటిన మొక్కలు. తెల్లారితే కాలువలో మా వంతు నీళ్లు. తడిపితే మందు వేళ్లకు దిగుతుంది, తడపకపోతే ఈ ఎండకు మొక్క మాడిపోతుంది. మా ఊరు కెంచనగుడ్డలో మాకున్నది ఆ ఒక్క చేనే.

నేను సిరుగుప్ప దారిలో ఉన్న బయోచార్ షెడ్డులో పనిచేస్తాను. వరి ఊకను బూడిద కానీయకుండా కాల్చి బొగ్గు చేస్తాం. దాన్ని ఇనుప గుండ్లు తిరిగే యంత్రంలో నీళ్లు పోసి, కంటికి ఆననంత సన్నగా, నానో పొడిగా నూరుతాం. అంత సన్నటి బొగ్గు మట్టిలోని విషాన్ని పట్టుకుని వదలదని షెడ్డు చూసుకునే గౌతమి మేడమ్ చెబుతూ ఉంటుంది. పరుగున పోయి ఆమె కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. నూరిన సరుకంతా నిన్ననే లారీకెక్కిందట. బొగ్గు తెస్తే కరెంటు పోయేలోగా నూరి ఇస్తానంది. మిరప బతుకుతుందని మాత్రం మాట ఇవ్వలేనంది.

ఇంటి వెనక రెండు డ్రమ్ములు ఊకతో నింపి, ఒకదానికి నిప్పు పెట్టాను. పొగ పలచబడి ఊక నల్లబడగానే నీళ్లు గుమ్మరించాలి. ఆలస్యమైతే బూడిదే. ఇంకొంచెం ఊక కోసం రైస్ మిల్లుకు పోతూ మా అత్త దురుగమ్మకు ఒకటికి పదిసార్లు చెప్పాను. ఆమె తలూపింది.

తిరిగొచ్చేసరికి డ్రమ్ములో తెల్లటి బూడిద. నీళ్ల కడవ నిండుగా అలాగే ఉంది, పక్కనే అత్త కూర్చుని ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. కొడుకు విషం చల్లితే తల్లి బూడిద చేసింది, ఈ ఇంటికొచ్చి నేనేం బావుకున్నానని నోటికొచ్చినట్టు అరిచాను. అంతా విని ఆమె మెల్లగా నోరు తెరిచింది.

"కడుపుతో ఉండే మనిషి ఇంట్లో మండే నిప్పు మీద నీళ్లు పోస్తారేందమ్మా? పోయినేడు ఒకటి పోగొట్టుకుంటివి. మళ్లీ నా చేతులారా..."

నాకు నాలుగో నెల. ఆమె భయం అర్థమైంది. కోపం మాత్రం తగ్గలేదు, అదేం పాడు గుండెనో. రెండో డ్రమ్ము అంటించి, పొగ పలచబడేదాకా కాచుకుని కడవ ఎత్తబోయాను. అత్త లేచి నా చేతిలోంచి లాక్కుంది.

"నువ్వు బేడ, పోయొద్దు. లోపలికి పో, చూడాకు," అంది. ఆ తర్వాతి మాట నాకు కాదు, అమ్మవారికి. "ఏమన్నా చేసేదుంటే నన్ను చెయ్యి తల్లీ. దాని జోలికి పోవద్దు."

కళ్లు మూసుకుని కడవ బోర్లించింది. ఆవిరికి ఆమె ముంజేతులు కాలాయి.

ఇంకో డ్రమ్ము కాల్చడానికి పొద్దు లేదు. ఆ ఒక్క డ్రమ్ము బొగ్గు మోసుకుపోతే మేడమ్ నూరి ఇచ్చిన నల్లటి నీళ్లు మొక్క మొక్క మొదట్లో పోస్తూ పోతే సగం చేనుకే సరిపోయాయి.

తెల్లారి కాలువ వచ్చింది. చచ్చినా దాహంతో చావొద్దని రెండో సగానికీ నీళ్లు వదిలాను. ఏడుపు ఆగలేదు. హులిగేశూ నేనూ గట్టు మీద నిలబడి ఏ ఆకు ముడుచుకుంటుందోనని చేను వైపే చూస్తున్నాం. చేతులకు గుడ్డ చుట్టుకుని వచ్చిన అత్త చేను వైపు చూడనే లేదు. నొప్పేమన్నా ఉందా అని నన్నే అడుగుతూ ఉంది. ఏమీ లేదత్తా అంటూనే కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. నాకూ భయం పట్టుకుంది.